రాతి సాక్ష్యం

కడప శివార్లలోని ఆ కల్యాణ మండపంలో ఆ రోజు పెళ్ళి లేదు, వాదన ఉంది. వేదిక మీద ఒకపక్క భూగర్భ శాస్త్రం చెప్పే డాక్టర్ సువార్త, ఇంకోపక్క ఆమె సొంత అన్న పాస్టర్ జీవరత్నం. భూమి వయసు ఆరువేల ఏళ్ళా, కోట్ల ఏళ్ళా అని వెనక బ్యానరు కట్టారు. అన్నాచెల్లెళ్ళ పోటీ అనేసరికి ఏ చర్చి సంఘానికీ చెందనివాళ్ళు కూడా వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు.

సువార్త చేతిలో ఒక రాయి ఉంది. కోసి నునుపు చేసిన ముఖం మీద ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు.

"ఇది వేంపల్లె కొండల్లోది. ఈ పొరలు ప్రాణమున్నవి పేర్చినవి. కంటికి కనిపించని జీవులు, సముద్రం లోపల, ఒకదాని మీద ఒకటి. వయసు దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళు. రాతిలో ఉండే యురేనియం ఒకే వేగంతో సీసంగా మారిపోతూ ఉంటుంది. ఎంత సీసం చేరిందో కొలిస్తే ఎంతకాలం గడిచిందో తెలిసిపోతుంది. మీరూ నేనూ, కోతీ చేపా, అందరం ఇట్లాంటి జీవుల నుంచే కొద్దికొద్దిగా మారుతూ వచ్చాం."

జీవరత్నం లేచి మైకు అందుకున్నాడు. బక్కపల్చని మనిషి. గొంతు మాత్రం మండపం చివరిదాకా పోతుంది.

"మా చెల్లెలు అబద్ధాలాడదు. అది నేను పెంచిన బిడ్డ. కానీ ఒకటి అడుగుతా. యురేనియం ఎప్పుడూ ఒకే వేగంతో మారిందని చూసినోళ్ళు ఎవరు? పాపా, నువ్వు ఆడ ఉంటివా?"

మండపం దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, హల్లెలూయలు. కాంతి వేగం గురించి, దూరపు నక్షత్రాల గురించి సువార్త ఇంకా చాలా చెప్పింది. అన్నీ నిజాలే. ఏ ఒక్కటీ ఎవరి చెవికీ ఎక్కలేదు. జనం లేచి వెళ్ళేటప్పుడు ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "అన్న మాట వినమ్మా, నీ మంచికే చెప్తాండాడు" అంది జాలిగా.

వాదన అయ్యాక ఇద్దరూ కలిసి జీవరత్నం ఇంటికే భోజనానికి వెళ్ళారు. ప్రతిసారీ అంతే. తల్లిదండ్రులు పోయేనాటికి సువార్త ఇంకా బడిపిల్ల. జీవరత్నమే సైకిలు మీద దించి, జడలు వేసి, కాలేజీకి పంపాడు. భార్య మార్తమ్మ జబ్బుతో పోయాక కూతురు కెజియాను కూడా అట్లాగే పెంచుకున్నాడు. కెజియా ఆ ఏడు ఇంటర్ పాసైంది. అత్త దగ్గర భూగర్భ శాస్త్రం చదువుతానని ఇంట్లో పోరు పెడుతోంది.

"దాన్ని మాత్రం నీ రాళ్ళకు ఇవ్వను పాపా. నిన్ను పోగొట్టుకున్నది చాలు" అన్నాడు జీవరత్నం అన్నం వడ్డిస్తూ.

కెజియా కంచం ముందు నుంచి లేచిపోయింది. జీవరత్నం చెల్లెలి వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"కోపం చేసుకోవద్దు. రెండు వందల కోట్లు అంటావు కదా. అదెంతో నీకు తెలుసునా?"

"తెలియకేం. రెండు పక్కన తొమ్మిది సున్నాలు."

"సున్నాలు నాకూ వస్తాయి. నా ఆరువేల ఏళ్ళు నాకు తెలుసు పాపా. ఎవరి కొడుకు ఎవరో, ఎవరు ఎన్నేళ్ళు బతికినారో పేరుపేరునా చెప్తా. వాళ్ళు నాకు ఇంటోళ్ళ మాదిరి. నీ కోట్ల ఏళ్ళలో నీకు తెలిసినోళ్ళు ఒక్కరన్నా ఉండారా? లెక్క కట్టినావు, అంతే. నీక్కూడా అది తెలీదు. నమ్ముతాండావు. నేనూ నమ్ముతాండా. తేడా ఏముంది?"

మండపంలో ఓడినందుకు సువార్తకు బాధ లేదు. ఈ మాట మాత్రం ఆమెను తినేసింది. ఎందుకంటే అందులో నిజం ఉంది. పాతికేళ్ళుగా ఆ రాళ్ళ మధ్య తిరుగుతున్నా రెండు వందల కోట్ల ఏళ్ళంటే ఎంతో ఆమె ఒంటికి తెలియదు.

ఒక యంత్రం ఆ బాధలోంచి పుట్టింది.

డాక్టర్ ఫయాజ్ సువార్తకు తెలిసిన నరాల వైద్యుడు. మూర్ఛ వచ్చి తగ్గిన ఒక రోగి, తాను రెప్పపాటులో ఏడాది గడిపి వచ్చానని చెప్పినప్పటి నుంచి అతను మెదడులో కాలాన్ని కొలిచే చోటు కోసం వెతుకుతున్నాడు. చివరికి దొరికింది. తలకు పెట్టిన టోపీలోని తీగచుట్టల్లోంచి అయస్కాంత తరంగాలు పంపి, నిమిషాన్ని గంటగా అనిపించేట్టు చేయగలిగాడు. సువార్త దానికి రెండో సగం కలిపింది. రాతి గింజల లోపల రేడియోధార్మికత వదిలిన గాట్లుంటాయి. వాటిని చదివే పరికరం ఆమె దగ్గర ఉంది. ఒకటి చదువుతుంది, ఇంకోటి మెదడుకు చెబుతుంది. మధ్యలో ఎవరూ అంకె వేయనక్కర్లేదు. దానికి వాళ్ళు 'నిడివి' అని పేరు పెట్టుకున్నారు.

అది బొమ్మలు చూపదు, శబ్దాలు వినిపించదు. ఆ వస్తువు ఎంతకాలం నుంచి ఉందో అంతకాలం గడిచినట్టు ఒంటికి తెలుస్తుంది, అంతే.

పెన్న ఒడ్డున దొరికిన పాత కుండపెంకుతో మొదట సువార్తే కూర్చుంది. కొన్ని క్షణాలు. టోపీ తీసేటప్పటికి చెంపలు తడిగా ఉన్నాయి. మూడువేల ఏళ్ళు. సముద్రంలో ఈదినవాడికి సముద్రం తెలిసినట్టు ఆమెకు ఆ మూడువేలు తెలిశాయి. చేతిలో ఉన్న పెన్ను ఎవరిదో ఎప్పటిదో అన్నట్టు చూసింది. ఇంటికి వెళ్ళి, పొద్దున తాగి వదిలేసిన కాఫీ కప్పు చూసి, ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉందోనని వాసన చూసింది. ఆ మబ్బు విడిపోవడానికి వారం పట్టింది.

"పదివేల ఏళ్ళు దాటొద్దు మేడమ్" అన్నాడు ఫయాజ్. "ఎలకల మీద చూశాను. దాటినవి మేత ముందుపెట్టినా తినడం లేదు. ఆకలి లేక కాదు. తొందర లేక."

వస్తువు వయసు చూపే మీటరు మీద పదివేల దగ్గర ఎర్రగీత గీశారు. పక్కనే ఆపే స్విచ్ బిగించారు.

సంగతి కెజియా నోటి నుంచి తండ్రికి చేరింది. వారం తిరక్కుండా జీవరత్నం ప్రయోగశాలకు వచ్చాడు. వెంట సంఘ పెద్ద గిద్యోను, కెజియా. అతని చేతిలో గుడ్డలో చుట్టిన మూట.

"లోపల ఏముందో చెప్పను. నీ యంత్రం నీ మాట వినేదా, వస్తువు మాట వినేదా చూద్దాం" అన్నాడు.

ఫయాజ్ మూట విప్పకుండానే పరికరం కింద పెట్టాడు. జీవరత్నం కళ్ళు మూసుకుని టోపీ పెట్టుకున్నాడు. మీటరు ముల్లు కొద్దిగా కదిలి ఆగింది. అతను మెల్లిగా కళ్ళు తెరిచి గిద్యోను వైపు తిరిగాడు.

"నా వయసుకు ఇంకో పదేళ్ళు ఎక్కువ. నేను పుట్టకముందు కొంచెం కాలం... అదీ తెలిసింది గిద్యోనూ." మూట విప్పాడు. ఇటుక. "మా నాన్న గుడి కట్టించినప్పటిది. పునాది పక్కన మిగిలింది. ఈ యంత్రం అబద్ధం చెప్పదు పాపా."

సువార్తకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. ఇన్నేళ్ళకు ఇద్దరూ ఒకే సాక్షిని ఒప్పుకున్నారు.

"ఇప్పుడు నీ వేంపల్లె రాయి పెట్టు" అన్నాడు జీవరత్నం.

"వద్దు" అన్నాడు ఫయాజ్ వెంటనే. "పాస్టరుగారూ, అది ప్రమాదం."

"ఎవరి లెక్క ప్రకారం ప్రమాదం డాక్టర్ సాబ్? పదివేలు దాటితేనే కదా? నా లెక్కలో భూమికే ఆరువేలు. రాయికి అంతకంటే ఎట్లుంటుంది? నాకేం కాదు. ఏమన్నా అయితే మీ లెక్కే నిజం కావాల. అప్పుడు నాకది తెలియాల్సిందే కదా."

"అన్నా, ఎర్రగీత దాటంగానే ఆపేస్తా. దాటితే చాలు, రుజువైనట్టే" అంది సువార్త.

"సగం విన్న సాక్ష్యం సాక్ష్యం కాదు."

"నాన్నా, వద్దు" అంది కెజియా.

జీవరత్నం కూతురి వైపు చూశాడు. "నేను తప్పని తేలితే నువ్వు మీ అత్త దగ్గర చదువుకో. మాటిస్తాండా. ఆడపిల్లకు అబద్ధం నేర్పి పెంచినానన్న మాట నాకొద్దు." తర్వాత తల వంచి ప్రార్థన చేసుకున్నాడు. తన కోసం కాదు, చెల్లెలి కోసం.

అతను తన నమ్మకాన్ని నమ్మి కూర్చున్నాడు. ఆమె తన నమ్మకం నిజమని తెలిసీ కూర్చోబెట్టింది. ఆ గదిలో ఎవరి మాట నిజమైతే ఏం జరుగుతుందో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. స్విచ్ ఉంది కదా అనుకుంది. వేలు దాని మీద పెట్టుకుంది.

ముల్లు లేచింది. ఆరువేలు దాటింది. ఎర్రగీత దాటింది. గిద్యోను నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. అప్పుడే నొక్కాలి. ముల్లు ఇంకా ఎగబాకుతూనే ఉంది. పాతికేళ్ళుగా కాగితాల మీద రాసిన అంకె మొట్టమొదటిసారి ఒక మనిషి ముఖం మీద కనిపిస్తోంది. ఆమె ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. వేలు స్విచ్ మీదే ఉంది.

"మేడమ్!" అని అరిచి ఫయాజ్ గోడలోంచి వైరు పీకేశాడు.

జీవరత్నం కదలలేదు. ఊపిరి ఆడుతోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎంతసేపటికో ఆ కళ్ళు మెల్లిగా చెల్లెలి మీదికి వచ్చాయి. గుర్తుపట్టాడు. కొంచెం ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించాడు.

"పాపా" అన్నాడు. "ఇంకా ఉండావా?"

ఆదివారం గుడి నిండిపోయింది. గిద్యోను ఎవరితోనూ ఏమీ అనకపోయినా మాట ఊరంతా పాకింది. సువార్త చాలా ఏళ్ళ తర్వాత గుడిలో అడుగుపెట్టి చివరి వరుసలో కూర్చుంది. జీవరత్నం ప్రసంగ వేదిక దగ్గర నిలబడ్డాడు. తెల్ల చొక్కా గుండీలు కెజియా పెట్టినట్టుంది.

"భూమి పాతది" అన్నాడు. "మా చెల్లెలు చెప్పిందే నిజం."

జనంలో గుసగుస లేచింది. అతను దాన్ని పట్టించుకోలేదు.

"దేవుడు లేడని అనుకోవద్దండి. ఉండాడు. మనం రాకముందు అంతసేపూ ఆయన ఒక్కడే ఉండాడు. అంతసేపూ. మనం పుట్టి ఎంతసేపైందని? ఆయనను అది ఇమ్మని, ఇది ఇమ్మని అడుగుతాండాం. ఒక్కరన్నా అడిగినామా, స్వామీ అంతకాలం ఎట్లున్నావు అని?"

అక్కడ ఆగాడు. జనం ఎదురుచూశారు. అతను మళ్ళీ మాట్లాడలేదు. గిద్యోను లేచి ఒక పాట ఎత్తుకున్నాడు. పాట అయింది, ఇంకోటి అయింది. కొందరు కోపంగా, కొందరు ఏడుస్తూ వెళ్ళిపోయారు. గుడి ఖాళీ అయ్యేటప్పటికి కూడా జీవరత్నం అట్లాగే బల్ల మీద చేతులానించి నిలబడి ఉన్నాడు. తన ఉద్దేశంలో అతను మాటకూ మాటకూ మధ్య ఒక్క క్షణమే ఆగాడు. కెజియా వెళ్ళి చెయ్యి పట్టుకుని దించింది.

అతనికి మతి పోలేదు. అందరి పేర్లూ గుర్తున్నాయి, లెక్కలు వస్తాయి, బైబిలు వాక్యం అడిగితే తప్పు లేకుండా అప్పజెప్తాడు. కాకపోతే ఏదీ దగ్గర్లో లేదు. పొయ్యి మీద అన్నం మాడి పొగలొస్తుంటే పక్కనే కూర్చుని ఉన్నాడు. ఒకరోజు కాలుతున్న బాణలి పట్టుకుని వదల్లేదు. కెజియా కేకలు వేస్తూ లాగేసి, "నొప్పిగా లేదా నాన్నా?" అని ఏడ్చింది.

"ఉండాది" అన్నాడు నెమ్మదిగా. "పోతుంది కదమ్మా."

ఏటా మార్తమ్మ పోయిన రోజున సమాధుల తోటకు మల్లెలు పట్టుకెళ్ళేవాడు. ఈసారి కెజియా పూలు తెచ్చి గుర్తుచేస్తే, "మీ అమ్మ ఎప్పుడో కదా" అన్నాడు. అందులో విసుగు లేదు, దుఃఖం అంతకన్నా లేదు. కెజియా పూలు అక్కడే పెట్టి, "నేను అత్త దగ్గర చదువుతా, నువ్వు మాటిచ్చినావు" అంది రెచ్చగొట్టినట్టు. ఒకప్పుడు ఆ మాటకే అన్నం మానేసిన మనిషి.

"చదువుకో" అన్నాడు. "ఏది చదివినా ఒకటే కదమ్మా."

కెజియా కాలేజీలో చేరలేదు. ప్రయోగశాలకు వచ్చి సువార్త ఎదుట నిలబడింది.

"ఆ పొద్దు నీ వేలు స్విచ్ మీదే ఉండె అత్తా. నేను చూసినా."

సువార్త తల దించుకుంది.

ఫయాజ్ ఒక దారి ఆలోచించాడు. పెద్ద కాలం మోసిన మెదడుకు మళ్ళీ చిన్న కాలం నేర్పాలి. ఇటుకబట్టీ నుంచి నిన్న కాల్చిన ఇటుక తెప్పించి యంత్రం కింద పెట్టారు. జీవరత్నం టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"నిన్నటిది" అన్నాడు. తల తిప్పి కూతుర్ని చూశాడు, నిజంగా చూశాడు. "జడ ఎప్పుడు కత్తిరించుకున్నావే? నాకు చెప్పనే లేదు?"

కెజియా అతని ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అతను ఆ కురచ జుట్టు నిమురుతూ తిట్టాడు. సువార్త పక్కగదిలోకి పోయి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ తిట్లు ఆగకూడదని ఎంత కోరుకుందో! కానీ కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపే అతని చూపు మళ్ళీ దూరమైపోయింది.

అప్పటి నుంచి రోజూ ఒక కొత్త ఇటుక. రోజూ కొన్ని నిమిషాల తండ్రి. ఆ నిమిషాల్లో అతను చెల్లెలితో కూడా మాట్లాడాడు. ఒకసారి సువార్త ధైర్యం చేసి, "అన్నా, నేను ఆపలేదు. ఆపగలిగీ ఆపలేదు" అంది.

"తెలుసు" అన్నాడు. "నీ మొహం చూస్తానే ఉంటి. చిన్నప్పుడు బడిలో మొదటి మార్కు వచ్చినప్పుడు పెట్టే మొహం." కొంచెం నవ్వాడు. "నేనే అడిగినా కదా పాపా. ఏడవొద్దు." ఇంకేదో చెప్పబోయాడు. ఆ మాట అతని దగ్గర నుంచి బయలుదేరి రాలేదు.

ఎండాకాలం ముదిరాక ఒకరోజు కెజియాకు జ్వరం వచ్చి పడుకుంది. జీవరత్నం తలుపు తీసి ఒక్కడే బయటికి వెళ్ళిపోయాడు. బస్సెక్కి వేంపల్లెలో దిగాడని తర్వాత తెలిసింది. సువార్త, ఫయాజ్, గిద్యోను తలో దిక్కూ వెతికారు. కొండ మీద వలయాల రాళ్ళున్న చోట మేకలు తోలుకెళ్ళేవాళ్ళు అతన్ని చూశారు. అప్పటికే రెండు రోజులైంది. నీడ కోసం కూడా జరగలేదు. బండ మీద కూర్చుని, అరచెయ్యి రాతికి ఆనించి ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి, ప్రాణం లేదు. వడదెబ్బ అన్నారు డాక్టర్లు. తనకు దాహం వేసిందనీ, కొంచెంసేపట్లో లేచి తాగుదామనీ అనుకుని ఉంటాడని సువార్తకు తెలుసు. ఆ కొంచెంసేపే అతన్ని తీసుకుపోయింది.

శవాన్ని ఇంటికి తెచ్చారు. సమాధుల తోటలో మార్తమ్మ పక్కన స్థలం ఎప్పటి నుంచో అతని కోసమే ఉంది. అయినా గుంట తవ్వడం మొదలుకాలేదు. గిద్యోను వాకిట్లో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొండ మీద నుంచి శవాన్ని భుజాల మీద మోసుకుని దిగింది అతనే. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సువార్తమ్మా, నా చేతుల్లో లేదు. సగం సంఘం విడిచిపోయింది. ఉన్నోళ్ళు ఏమంటాండారంటే, వాక్యాన్ని కాదన్న మనిషికి మన తోటలో చోటిస్తే మన పిల్లలకు ఏం చెప్పుకోవాల అంటాండారు. ఒకటే దారి. యంత్రం చెడిపోయి ఉండె, రాయి వయసు తప్పు చూపించె, అందువల్ల ఆయన మతి చెడె అని నువ్వు నీ నోటితో సంఘం ముందర చెప్పు. మతి చెడినోడి మాట ఎవురూ లెక్కలో పెట్టరు. మహారాజు మాదిరి తీసుకపోతాం."

"ఇటుక పెట్టినప్పుడు నువ్వూ ఉన్నావు గిద్యోనూ. యంత్రం సరిగ్గా చెప్పింది."

"ఉంటి" అన్నాడు అతను. ముల్లు ఎర్రగీత దాటడం కూడా అతను చూశాడు. ఆ ముసలి కళ్ళలో అది ఇంకా ఉంది. "నేను చూసింది నాతోనే పోతుంది తల్లీ. నాకు ఈ గుడి తప్ప ఏముంది?"

లోపల గదిలో ఈ మాట విని ఫయాజ్ మండిపడ్డాడు. "మేడమ్, మీరొక్క మాటంటే దాన్ని వందేళ్ళు వాడుకుంటారు. మీ పని, నా పని, ప్రపంచమంతా రాళ్ళ మీద చేసిన పని, అన్నింటి మీదా బురద పడుతుంది. పాస్టరుగారు ప్రాణం పెట్టి తెలుసుకున్న మాట అది. దాన్ని కాదంటారా?"

సువార్త కెజియా వైపు చూసింది. కెజియా తండ్రి పాదాల దగ్గర కూర్చుని ఉంది.

"నాన్నను అమ్మ పక్కన పెట్టాల" అంది తలెత్తకుండా. "అప్పుడు నొక్కలేదు నువ్వు. ఇప్పుడన్నా చెప్పు."

గుడి ముందర షామియానా కింద జనం కూర్చున్నారు. చాలామంది చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. సువార్త మైకు పట్టుకుంది. ఎన్నో వాదనల్లో ఎన్నోసార్లు పట్టుకున్నదే. ఎన్నడూ ఇంత నిశ్శబ్దంగా వినలేదు వాళ్ళు.

"మా అన్న వాక్యాన్ని కాదనలేదు" అంది. "నా యంత్రం చిన్న వస్తువులకు బాగానే పనిచేసింది. రాయికి తప్పింది. అది చూపించిన వయసు..." కెజియా ఆమెనే చూస్తోంది. "అది చూపించిన వయసు నిజం కాదు. ఆ తప్పు వల్ల ఆయన బుద్ధి చెదిరింది. ఆ తర్వాత ఆయన అన్నవేవీ ఆయన మాటలు కావు."

ఎవరో ఆమెన్ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. ఒకప్పుడు మండపంలో చెయ్యి పట్టుకున్న పెద్దావిడ వచ్చి ఆమెను కౌగిలించుకుంది. "సత్యం చెప్పినావు తల్లీ, ఇన్నాళ్ళకు" అంది. ఫయాజ్ గేటు దాటి వెళ్ళిపోవడం సువార్త ఆమె భుజం మీదుగా చూసింది.

జీవరత్నాన్ని మార్తమ్మ పక్కనే పెట్టారు. కెజియా గుప్పెడు మన్ను వేసి, అత్త వైపు చూడకుండా వెళ్ళిపోయింది. అడిగి చెప్పించుకున్న మాటనే ఆమె క్షమించలేకపోయిందో, స్విచ్ నొక్కని వేలినే క్షమించలేకపోయిందో సువార్తకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఫయాజ్ నిడివిని విప్పేసి తన భాగం తను తీసుకుపోయాడు. ఆ వీడియో మాత్రం ఆగలేదు. ఆమె ముఖం, ఆమె గొంతు, కింద పెద్ద అక్షరాలు. భూమి వయసు మీద ఎక్కడ వాదన జరిగినా ఆఖరున అది వేసి చూపించేవాళ్ళు. శాస్త్రవేత్తే ఒప్పుకుందని చెప్పేవాళ్ళు. తోటి అధ్యాపకులు ఆమెతో మాట్లాడడం తగ్గించారు. ఖండిస్తూ ఒక్క వాక్యం రాసివ్వమని విశ్వవిద్యాలయం అడిగింది. రాసిస్తే ఆ వాక్యం సమాధుల తోట దాకా పోతుంది, అన్న గుంటను మళ్ళీ తవ్విస్తుంది. ఆమె రాయలేదు. పాఠాలు మాత్రం చెబుతూ వచ్చింది. భూమి వయసు అధ్యాయం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది చదివి ఊరుకునేది.

మరుసటి ఏడు కొత్త తరగతి మొదలైన రోజు ఆమె లోపలికి వెళ్ళి హాజరు కూడా వేయకుండా సుద్దముక్క తీసుకుంది. ముందు బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. వెక్కిరించే ముఖం కాదు. నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాడి ముఖం.

"మేడమ్, వేంపల్లె రాయి వయసు తప్పని మీరే చెప్పినారు కదా. వీడియో చూసినా. మరి మేం పరీక్షలో ఏది రాయాల?"

సువార్త బోర్డు వైపు తిరిగింది. చెయ్యి లేవలేదు. వెనక తరగతి ఎదురుచూస్తోంది. ఎవరో ఫోను బయటికి తీసిన చిన్న చప్పుడు వినిపించింది.

"తప్పు కాదు."

ఆ గొంతు చివరి వరుసలోంచి వచ్చింది. సువార్త గిరుక్కున వెనక్కి తిరిగింది. కెజియా లేచి నిలబడి ఉంది. జుట్టు మళ్ళీ పెరిగింది. చేరినట్టు అత్తకు చెప్పనే లేదు.

"ఆమె మా అత్త" అంది కెజియా ఆ అబ్బాయితో. "మా నాన్నను మా అమ్మ పక్కన పూడ్చాలని నేనే ఆ అబద్ధం చెప్పించినా. యంత్రం సరిగ్గానే పనిచేసింది. నేను ఆడనే ఉంటి." తరగతి అంతా కలయజూసింది. "రాసుకోండి. రెండు వందల కోట్ల ఏళ్ళు."

ఫోను ఇంకా పైకే ఉంది. ఈ మాట ఎంతోసేపు పట్టకుండా గిద్యోను చేతికి చేరుతుంది. ఆ తర్వాత సమాధుల తోటలో ఏం జరుగుతుందో చెప్పలేం. మేనత్తా మేనకోడళ్ళిద్దరికీ అది తెలుసు. ఒకరినొకరు చూసుకున్నారు.

"అత్తా, బోర్డు మీద వెయ్యి" అంది కెజియా, కూర్చుంటూ.

సువార్త రెండు అంకె వేసి, దాని పక్కన ఒక్కొక్కటిగా సున్నాలు పెట్టడం మొదలుపెట్టింది.